మొహం కడిగిన బ్యాటు

ముప్పై ఒక్క ఏళ్ళుగా బ్యాట్లు బాగుచేస్తున్న మేస్త్రి చేతిలో ఉలి ఒక్కసారి కూడా జారలేదు. అలాంటిది ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి, రేడియోలో టెస్టు జట్టు పేర్లు చదువుతుండగా జారింది. ఎడమచేతి బొటనవేలు తెగింది. వేలు తెగినందుకు ఆయన ఏమీ అనలేదు. పేర్లు విని మాత్రం నోటికొచ్చిందల్లా అన్నాడు.

ఆయన షాపు పెద్దదేం కాదు. స్టేడియం వెనక సందులో, టైర్ల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక గోడకి బ్యాట్లు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కొక్కదాని మెడలో యజమాని పేరు రాసిన చీటీ. ఇంకో గోడ వారగా బల్ల, దాని మీద చిత్రికలు, బిగింపులు, జిగురు డబ్బా, అవిసె నూనె సీసా. కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఆయన భార్య పిడులకి దారం చుడుతుంది. అసలు షాపు ఆవిడ తండ్రిది. మేస్త్రి కుర్రతనంలో కిటికీలు, గుమ్మాలు చేసే వడ్రంగి. షాపు తలుపు సరిగ్గా పడటం లేదని పిలిస్తే వచ్చాడు. "తలుపు బాగుచెయ్యమంటే ఇంట్లోకే వచ్చేశారు, తలుపు మాత్రం ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మంగళవారం పదహారు పేర్లు చదివారు. రెండు నెలలుగా కుంటుతున్న ఫాస్ట్ బౌలరు పేరు వచ్చింది. సరే, వాళ్ళ డాక్టరు వాళ్ళ ఇష్టం అనుకున్నాడు మేస్త్రి. వికెట్ కీపర్లు ఒకడు, ఇద్దరు, ముగ్గురు వచ్చారు. "ముగ్గురెందుకూ, వంతులేసుకుని పట్టడానికా?" అంది భార్య దారం తెంపుతూ. ఆ తర్వాత ఓపెనర్లు. మొదటి పేరు అందరూ అనుకున్నదే. రెండోది కూడా తెలిసిన పేరే వస్తుందని మేస్త్రి చెవి అటే పెట్టాడు. వచ్చింది మెరుపు పేరు. ఉలి జారింది అప్పుడే.

"నత్త ఏడి?" అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని.

"ముందు కట్టు కట్టించుకోండి" అంది భార్య.

"నత్త పేరు చదివాడా లేదా?"

"చదవలేదు. నేను కూడా వింటున్నానుగా."

నత్త అంటే ముప్పై నాలుగేళ్ళ ఓపెనరు. పన్నెండేళ్ళుగా దేశవాళీ మ్యాచులు ఆడుతున్నాడు. ఎప్పుడో ఒక మ్యాచులో రెండున్నర గంటలు నిలబడి పందొమ్మిది పరుగులు చేశాడని జనం ఆ పేరు పెట్టారు. ఆ పందొమ్మిది పరుగుల పుణ్యమా అని జట్టు ఆ మ్యాచు ఓడకుండా బయటపడిన సంగతి పేరు పెట్టినవాళ్ళలో ఒక్కడికీ గుర్తులేదు. అతనికి నీటి సరఫరా ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. సెలవు అడిగినప్పుడల్లా పై అధికారి మొహం మాడ్చుకునేవాడు. ఈ ఏడాది పదకొండు వందల పరుగులు, నాలుగు సెంచరీలు. జట్టు వెళ్ళేది చలిగాలికి కొత్త బంతి పాములా మెలికలు తిరిగే దేశానికి. అక్కడ మొదటి గంట వికెట్ పారేసుకోకుండా నిలబడేవాడు కావాలి. ఆ పని ఈ దేశంలో నత్తకంటే బాగా చేసేవాడు లేడని చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు. వయసు చూస్తే ఇదే ఆఖరి అవకాశం. ఈసారి పేరు లేకపోతే ఇక జన్మలో ఉండదు.

మెరుపు ఎవరయ్యా అంటే, ఇరవై ఓవర్ల ఆటలో ముప్పై ఒక్క బంతుల్లో ఎనభై మూడు కొట్టిన ఇరవై రెండేళ్ళవాడు. దేశమంతా టీవీలో చూసి చప్పట్లు కొట్టింది. కొట్టొచ్చు, తప్పులేదు. కానీ నాలుగు రోజుల మ్యాచులు ఈ ఏడాది ఆడినవి రెండే రెండు, వాటిల్లో చేసినవి నలభై ఒక్క పరుగులు. పరుగు పందెంలో గెలిచాడని మోత మొయ్యడానికి పెట్టుకుంటారా ఎవరైనా? మన పెద్దలు పెట్టుకున్నారు.

ఇద్దరి బ్యాట్లూ మేస్త్రి దగ్గరికే వస్తాయి. అందుకే ఆయనకి అంత మంట. స్కోరు బోర్డు చెప్పని సంగతులు బ్యాటు చెబుతుంది. తోలు బంతి తగిలిన చోటల్లా చెక్క మీద ఎర్ర మచ్చ పడుతుంది. బంతిని చివరిదాకా చూసి ఆడేవాడి మచ్చలు మధ్యలో పడతాయి. చూడనివాడివి అంచుల మీద, అడుగున పడతాయి. బ్యాటు రిపేరుకి రాగానే మేస్త్రి భార్య ఒక నోటుపుస్తకంలో దాని ఆకారం గీసి, మచ్చ ఉన్న చోటల్లా చుక్క పెడుతుంది. చెక్క ఎక్కడ దెబ్బ తింటోందో, నూనె ఎక్కడ ఎక్కువ పట్టించాలో తెలియడానికి ఆవిడ తండ్రి నేర్పిన పద్ధతి అది. నత్త పేజీల్లో చుక్కలన్నీ అరచేయంత చోటులో పడి ఉంటాయి. మెరుపు పేజీ తట్టు పోసినవాడి ఒళ్ళులా ఉంటుంది.

చుక్కలు పెట్టడం అయ్యాక మేస్త్రి పని మొదలు. పని ఏదైనా సరే, పిడి మార్చినా, పగులు అతికినా, ఆఖరికి దారం చుట్టినా, ఇచ్చే ముందు గరుకు కాగితంతో మచ్చలన్నీ పోయేలా రుద్ది, నూనె పూసి ఇవ్వాలి. "మన గడప దాటే బ్యాటు మొహం కడుక్కునే దాటాలి" అనేవాడు మామగారు. ముప్పై ఒక్క ఏళ్ళలో మేస్త్రి ఆ మాట తప్పలేదు. ఆటగాళ్ళు కూడా దానికి అలవాటుపడిపోయారు.

మర్నాడు బుధవారం ఆయన నోటుపుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"సెలక్షన్ కమిటీ చైర్మన్ దగ్గరికి."

"మీరు చెప్పగానే ఆయన జాబితా చింపి పారేస్తాడా?"

"పారెయ్యకపోతే పోనీ. తెలిసినవాడు నోరు మూసుకు కూర్చున్నాడని రేపు నన్ను నేను తిట్టుకోకూడదు."

చైర్మన్ గది స్టేడియం మూడో అంతస్తులో ఉంది. అద్దాల తలుపు, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. ఆయన కూడా ఒకప్పుడు తొమ్మిది టెస్టులు ఆడినవాడే. ఒక సెంచరీ ఉంది. గోడల నిండా ఆ ఒక్క సెంచరీ ఫొటోలే: బ్యాటు ఎత్తినవి, హెల్మెట్ తీసినవి, ఆకాశం వైపు చూసినవి. కట్టు ఉన్న వేలితో మేస్త్రి నోటుపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు.

"ఇది నత్తది సార్. ఈ ఏడాది ఆరుసార్లు రిపేరుకి వచ్చింది. చుక్కలు ఎక్కడున్నాయో చూడండి. ఇది ఆ పిల్లాడిది. మధ్యలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి."

చైర్మన్ పుస్తకం వైపు చూడనే లేదు. "చుక్కలు చూసి జట్టు వెయ్యాలంటే కమిటీ ఎందుకయ్యా, ఒక జ్యోతిష్కుడు చాలు" అన్నాడు.

"ఆడినవారు, మీకు చెప్పేంతటివాణ్ణి కాదు సార్. అక్కడ మొదటి గంట..."

"నీకో సంగతి చెబుతాను విను. పోయిన గురువారం నేను నెట్స్ దగ్గరికి వెళ్ళాను. మీ నత్త బ్యాటు నా చేత్తో తీసుకుని చూశాను. ఒక్క మచ్చ లేదు. కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. జట్టు ఎంపికకి ఐదు రోజుల ముందు, బంతి తగలని బ్యాటు పట్టుకుని వచ్చేవాడిని టెస్టులకి పంపమంటావా? ప్రాక్టీసు చెయ్యని మనిషి మనకెందుకని మీటింగులో అన్నాను. అందరూ సరేనన్నారు."

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. పిడి వదులైందని నత్త ఆ బ్యాటు తెచ్చింది అదే వారంలో. రుద్ది, నూనె పూసి, ఆ గురువారానికి ముందు రోజు సాయంత్రం తనే స్వయంగా చేతికిచ్చాడు.

"అది నేను రుద్దాను సార్" అన్నాడు. "దాని మీద కూడా మచ్చలున్నాయి. ఆ ముందు నెలవి. మా ఆవిడ చుక్కలు పెట్టింది, చూడండి, ఇదిగో పేజీ. ఇచ్చే ముందు నేనే రుద్దేశాను."

చైర్మన్ కనుబొమలు పైకెత్తాడు. "నువ్వా? అయ్యో. నాకేం తెలుసయ్యా? కళ్ళకి కనపడింది చెప్పాను. నువ్వు రుద్దకుండా ఉండి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో."

"ఇప్పుడు తెలిసింది కదా సార్. మార్చండి."

"పేపర్లకి ఇచ్చేశాం కదయ్యా. సర్లే, వచ్చావు కాబట్టి ఒక పని చేసిపెట్టు." బీరువా తీసి ఒక పాత బ్యాటు బయటికి తీశాడు. అది ఆ సెంచరీ బ్యాటు, ఆ మ్యాచు తర్వాత మళ్ళీ వాడకుండా అలాగే దాచుకున్నది. కొత్త పెవిలియన్లో అద్దాల పెట్టెలో పెడుతున్నారట, ఈ ఆదివారం కాదు, పై ఆదివారం. "మొహం చూసేలా లేదు. నిగనిగలాడాలి" అన్నాడు.

అడగడానికి వెళ్ళింది ఒకటి, మోసుకొచ్చింది ఇంకొకటి. మేస్త్రి ఆ బ్యాటుని షాపులో చివరి మేకుకి తగిలించి, జరిగిందంతా భార్యకి చెప్పాడు.

"మీరేం చేశారు? మా నాన్న చెప్పిందే చేశారు" అంది ఆవిడ.

"మీ నాన్న చెప్పిందే ఒకడి బతుకు తీసింది."

తండ్రిని ఒక్క మాట అంటే ఊరుకునే మనిషి కాదావిడ. ఆ రోజు మాత్రం మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన మొహం అలా ఉంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మేస్త్రి గరుకు కాగితం ముట్టుకోలేదు. పిడులు బిగించాడు, పగుళ్ళు అతికాడు, రుద్దే పని దగ్గరికి వచ్చేసరికి బ్యాటు తీసి పక్కన పెట్టేశాడు. బల్ల మీద బ్యాట్లు పేరుకుపోయాయి. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పన్నెండేళ్ళు. ఎండలో, దుమ్ములో, ఖాళీ స్టాండ్ల ముందు ఒక్కొక్క పరుగూ కూడబెట్టుకున్నాడు ఆ మనిషి. ఆ పన్నెండేళ్ళనీ తన రెండు చేతులే పావుగంటలో రుద్ది పారేశాయి. సందులో స్కూటరు చప్పుడైతే చాలు, నత్తేమోనని లేచి వెనక గుమ్మంలోకి వెళ్ళిపోయేవాడు. అప్పుంటే దాక్కోవచ్చు, పోనీ దొంగతనం చేస్తే దాక్కోవచ్చు. తను పని బాగా చేసినందుకు దాక్కోవలసి వచ్చింది.

పదో రోజు శుక్రవారం నత్త రానే వచ్చాడు. స్కూటరు చప్పుడు లేకుండా నడిచి వచ్చాడు, మేస్త్రికి లేచే వ్యవధి లేకపోయింది.

"పిన్నీ, బాగున్నావా? బాబాయ్, అడుగున చీలింది, చూడు" అంటూ బ్యాటు బల్ల మీద పెట్టాడు.

మేస్త్రి బ్యాటు చూడలేదు. "నాయనా, నీ నోటి దగ్గర ముద్ద లాగేసింది నేనే" అన్నాడు. చైర్మన్ గదికి వెళ్ళిన దగ్గర్నుంచి అంతా చెప్పాడు. "అవాళ ఒక్క రోజు ఊరుకుని ఉంటే నువ్వీపాటికి విమానంలో ఉండేవాడివి" అన్నాడు చివరికి.

నత్త బ్యాటు మీంచి చెయ్యి తీసి ఆయన వైపు తిరిగాడు.

"రుద్దానని నువ్వు చెబితే, తెలియదన్నాడా ఆయన?"

"నాకేం తెలుసయ్యా అన్నాడు."

నత్త స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బాబాయ్, ఆ గురువారం నెట్స్ దగ్గర ఆ మాట నా మొహం మీదే అన్నాడు. ఏమిటి, బ్యాటు మెరిసిపోతోంది, ప్రాక్టీసు లేదా అని. నిన్న సాయంత్రమే మేస్త్రి బాబాయ్ రుద్ది ఇచ్చాడు సార్ అని అక్కడే చెప్పాను. ఆయన వేలితో తడిమి చూసి ఏమన్నాడో తెలుసా? అవునవును, ఈ చెయ్యి నాకు తెలుసు, ఆడినన్నాళ్ళూ నా బ్యాట్లు కూడా అక్కడే మొహం కడుక్కునేవి అన్నాడు. పక్కన కోచ్ కూడా ఉన్నాడు. కావాలంటే అడుగు."

మేస్త్రి భార్య చేతిలో దారం ఉండ కింద పడి దొర్లింది, ఆవిడ వంగి తీసుకోలేదు.

"తెలిసే అన్నాడన్నమాట" అంది. "అవునుగా. మా నాన్న ఉన్న రోజుల్లో ఆయన బ్యాట్లన్నీ ఇక్కడికే వచ్చేవి. ఆ మచ్చలు కనపడకుండా రుద్దలేక నాన్న చేతులు పడిపోయేవి."

"మరి మీటింగులో అలా ఎందుకు చెప్పాడు?" అన్నాడు మేస్త్రి. అడగడానికి అడిగాడు కానీ ఆయనకి అప్పటికే అర్థమైపోయింది.

"నన్ను తీసెయ్యాలంటే ఏదో ఒకటి కావాలి కదా బాబాయ్. పరుగులు తక్కువందామంటే నాకంటే ఎక్కువ ఎవరికీ లేవు. వయసందామంటే కెప్టెన్ నాకంటే ఏడాది పెద్ద. బ్యాటు దొరికింది, అదే చూపించాడు. ఆ పిల్లాడిని వేస్తే టీవీవాళ్ళకి సంతోషం, టికెట్లు అమ్మేవాళ్ళకి సంతోషం."

"నువ్వు ఊరుకున్నావా?"

"ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఆఫీసులో కూడా వచ్చే నెల నుంచి రోజూ రావాలన్నారు. సరేనన్నాను. వచ్చే వారం ఈ సీజను ఆఖరి మ్యాచు ఉంది, అది ఆడి మానేస్తాను. దానికోసమే దీన్ని తెచ్చాను" అన్నాడు నత్త. అతని గొంతులో కోపం కూడా లేదు. ఆ లేకపోవడమే మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కించింది.

ఒక మనిషిని అన్యాయంగా తీసేశావు, సరే, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎప్పుడూ చేసే పనే. దానికి సాకు చెప్పావు, అదీ మామూలే. కానీ నీ పాపం తెచ్చి పని చేసుకు బతికేవాడి చేతులకి పూశావే, నీ బ్యాట్లు కూడా కడిగిన షాపు అదేనని తెలిసి కూడా. "నువ్వు రుద్దకుండా ఉండి ఉంటే" అని ఎంత తేలిగ్గా అనేశావు. ఆ మాట పట్టుకుని తొమ్మిది రోజులు ఈ పిచ్చి మారాజు తిండి మానేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాడిని చూశాం. మద్దెల చేసినవాడిని పిలిచి మరీ తిట్టినవాడిని ఇప్పుడే చూస్తున్నాం.

నత్త వెళ్ళిపోయాక మేస్త్రి లేచి చివరి మేకుకున్న సెంచరీ బ్యాటు తీశాడు. వచ్చిన రోజు నుంచి దాని వంక సరిగ్గా చూడలేదు. ఇప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. లోపలి అంచు మీద ఎర్ర చారలు, బయటి అంచు మీద చారలు, భుజం మీద ఒకటి, అడుగున గుంపుగా కొన్ని. మధ్యలో వెతుక్కోవాలి.

"చుక్కలు పెట్టు" అన్నాడు భార్యతో.

ఆవిడ ఆకారం గీసి చుక్కలు పెట్టింది. అంచుల మీద నలభై మూడు. మధ్యలో ఎనిమిది.

"ఇది సెంచరీయేనా?" అంది.

"సెంచరీయే. అవాళ స్లిప్పులో నిలబడ్డవాళ్ళకి చేతులు లేవేమో."

చాలా రోజుల తర్వాత ఆవిడ పకపకా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. ఆ బ్యాటుకి పాత దారమంతా విప్పి కొత్తది చుట్టించాడు. కొత్త గ్రిప్పు తొడిగాడు. వీపు వైపు చిన్న పగులుంటే జిగురు నింపి, బిగించి, ఆరనిచ్చి, వేలికి తెలియనంత నున్నగా చేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత శ్రద్ధగా ఏ బ్యాటుకీ చెయ్యలేదేమో. చివరికి మొహం దగ్గరికి వచ్చాడు. గరుకు కాగితం పక్కకి నెట్టి, అవిసె నూనె గుడ్డ తీసుకుని నెమ్మదిగా పూశాడు. నూనె తగిలేసరికి ఎండిపోయి వెలిసిపోయిన మచ్చలన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి.

"మరి నాన్న మాట?" అంది భార్య. వద్దనడానికి కాదు, అడగాలి కాబట్టి అడిగింది.

"మీ నాన్నే ఉంటే ఈ బ్యాటు ఇలాగే ఇచ్చేవాడు."

శనివారం సాయంత్రం గుడ్డ సంచిలో పెట్టి పెవిలియన్ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. అక్కడివాళ్ళు కొత్త గ్రిప్పు చూసి, వీపు తడిమి, భేష్ అని పెట్టెలో నిలబెట్టి తాళం వేశారు. ఆదివారం చైర్మన్ రిబ్బను కత్తిరించాడు. పెట్టెలో పైనుంచి మూడు దీపాలు వెలిగాయి. ఆ వెలుగు సరిగ్గా బ్యాటు మొహం మీదే పడుతుంది.

గురువారం మొదటి టెస్టు మొదలైంది. రేడియో పెట్టుకుని మేస్త్రి నత్త బ్యాటు అడుగు అతుకుతున్నాడు. రెండో ఓవర్లో మెరుపు నాలుగు పరుగులకి స్లిప్పులో క్యాచ్ ఇచ్చాడు. మేస్త్రికి సంతోషం కలగలేదు. "పాపం, వాడిదేముంది? ఈతరాని వాడిని నడి ఏట్లోకి తోసి ఒడ్డున కూర్చున్నారు" అన్నాడు. అప్పుడే ఫోను మోగింది. భార్య తీసి, ఎవరో విని, ఆయన చేతిలో పెట్టింది.

"ఏమయ్యా మేస్త్రీ" అన్నాడు చైర్మన్. "నాలుగు రోజుల నుంచి వచ్చిన ప్రతి పాత ఆటగాడూ ఆ పెట్టె ముందు నిలబడి అంచులు లెక్కపెట్టి పోతున్నాడు. ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకుంటున్నారు. నిగనిగలాడాలని చెప్పానా లేదా? ఎంత చిన్న పనికి వచ్చిన బ్యాటునైనా రుద్దకుండా ఇవ్వరు కదా మీ షాపులో. మీ మామగారి కాలం నుంచీ ఉన్న అలవాటు, నాకు తెలియదా? నాది ఒక్కటీ ఎందుకు రుద్దలేదు?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆవిడ దారం చుట్టడం ఆపి వింటోంది.

"రుద్దుదామనే తీశాను సార్" అన్నాడు నెమ్మదిగా. "మచ్చ లేకపోతే మీరు అసలు ఆడనే లేదనుకుంటారేమోనని ఆగిపోయాను."